పసుపు చీటీల పురోహితుడు

అమెరికాలోని ఉదారవాద మతశాఖల్లో, ముఖ్యంగా యూనిటేరియన్ యూనివర్సలిస్టు సంఘాల్లో, మతాచార్యుడి తరువాత అంతటివాడుగానూ, ఒక్కొక్కప్పుడు అంతకు మించినవాడుగానూ కనిపించే వ్యక్తి వ్యూహప్రణాళికా సంఘాధ్యక్షుడు. ఉదారవాద మతశాఖ అంటే ఫలానా దేవుణ్ణి నమ్మితేనే సభ్యత్వం ఇస్తామన్న షరతు పెట్టని మతసంస్థ. దేవుణ్ణి నమ్మేవాడూ, నమ్మనివాడూ, నమ్మాలో వద్దో ఇంకా తేల్చుకోనివాడూ అక్కడ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకే పాట పాడతారు. తరువాతి చరణంలో మింగుడుపడని మాట ఏదైనా ఉందేమోనని ముందుగా చదువుకుంటూ పాడటం వల్లనే తమ పాట శ్రుతి తప్పుతుందని వారు తమ మీద తామే జోకు వేసుకుంటారు. సభ్యులందరూ ఒప్పుకుని వల్లించే విశ్వాసప్రకటన అంటూ లేనిచోట, అందరూ ఒప్పుకోదగిన కాగితం మరొకటి ఉండక తప్పదు గనుక, ఆ ఖాళీలోకి పంచవర్ష ప్రణాళిక ప్రవేశించింది. ఈ మాట వినగానే భారతీయ పాఠకుడికి ఆనకట్టలూ ఉక్కు కర్మాగారాలూ గుర్తుకు రావచ్చు గాని, ఇక్కడ దాని పరిధి ఒక ప్రార్థనామందిరం, ఒక వంటగది, కురిసే పైకప్పు, నూటయాభై మంది మనుషులు.

ఈ వ్యక్తి ఆకాశం నుంచి ఊడిపడలేదు. దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురుగా ఉన్నాడనే త్రిత్వ సిద్ధాంతాన్ని కాదన్నవారు యూనిటేరియన్లు. నరకం ఎవరికీ శాశ్వతం కాదనీ, చివరికి అందరూ తరిస్తారనీ అన్నవారు యూనివర్సలిస్టులు. ఈ రెండు శాఖలూ 1961లో ఒకటయ్యాయి. దీన్ని విలీనమంటే అక్కడి చరిత్రకారులు నొచ్చుకుని, ఏకీకరణ అని సరిదిద్దుతారు. అంతకు రెండేళ్ళ ముందు, 1959లో, సిరక్యూస్ నగరంలో ఉభయపక్షాల ప్రతినిధులు కూర్చుని కొత్త సంస్థ ఆశయాలు రాసుకుంటున్నప్పుడు, యూదు-క్రైస్తవ వారసత్వం అన్న మాటకు ముందు ‘మన’ అని ఉండాలా వద్దా అన్న విషయం మీద తీవ్రమైన వాదోపవాదాలు జరిగి, చివరికి ‘మన’ పోయి, ఆ వారసత్వం ఎవరిదో చెప్పని ఇంగ్లీషు ఉపపదం ఒకటి ఆ చోట కూర్చుంది. సంఘాధ్యక్షుడి గోత్రం అక్కడ మొదలైందని చెప్పినా తప్పులేదు.

తెలుగువారికి ఈ చుట్టరికం మరీ దూరపుది కాదు. కలకత్తాలో రామమోహన్ రాయ్‌తో కలిసి బైబిలు అనువాదానికి దిగి, ఆ చర్చల్లో త్రిత్వం మీద నమ్మకమే పోగొట్టుకున్న విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ తోడ్పాటుతో 1821లో అక్కడ యూనిటేరియన్ కమిటీ వెలసింది. మొదట వెలసింది గుడి కాదు, కమిటీ అన్నది గమనార్హం. అదే రాయ్ 1828లో స్థాపించిన బ్రహ్మసమాజం భావాలు కాలక్రమాన వీరేశలింగం పంతులుగారి ద్వారా, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ద్వారా గోదావరి తీరానికి చేరాయి. ఆ సమాజం 1878లో మరోసారి చీలినప్పుడు కూడా, దాని నాయకుడు కేశవచంద్రసేన్ తన కూతురికి చేసిన బాల్యవివాహంతో పాటు, సంఘం నడవడానికి ఒక నియమావళి అంటూ లేదన్న ఫిర్యాదూ గట్టిగానే వినిపించింది.

ఇక మన ప్రణాళికా సంఘాధ్యక్షుడు సాధారణంగా అరవై దాటినవాడు. ఏదో పెద్ద కంపెనీలో ముప్ఫై ఏళ్ళు మేనేజరుగా పనిచేసి, పదవీ విరమణ చేసిన మూడో వారానికే మార్కరు పెన్ను వాసన మీద బెంగ పెట్టుకున్నవాడు. స్త్రీలలోనూ ఈ జాతి దండిగా ఉంది. ఇక్కడ పుంలింగం వాడటం వ్యాకరణ సౌలభ్యం కోసమే అయినా, ఈ సంగతి ఆయన చెవిన పడితే దీని పరిశీలనకు ఒక ఉపసంఘం వేయిస్తాడు. మిషన్ అంటే సంఘం ఇప్పుడు ఎందుకు ఉన్నదో చెప్పే వాక్యమనీ, విజన్ అంటే ఇక ముందు ఎలా ఉండాలో చెప్పే వాక్యమనీ, ఒడంబడిక అంటే సభ్యులు ఒకరితో ఒకరు ఎలా మెలగుతామో ఇచ్చుకునే మాట అనీ ఆయన కొత్తవారికి ఓపికగా వివరిస్తాడు. మూడూ విన్నవారికి ఒకే వాక్యాన్ని మూడుసార్లు విన్నట్లుండటం ఆయన లోపం కాదు.

ఆయనను చూడవలసింది శనివారం ఉదయం, మందిరం కింది అంతస్తులో. గోడల నిండా చార్టు కాగితాలు, బల్లకొక పసుపు చీటీల కట్ట, గిన్నెలో రంగురంగుల చుక్కల స్టిక్కర్లు. చీటీకి ఒక్క కల చొప్పున రాయమంటాడు. రాసినవి గోడకు అంటించమంటాడు. ఒకే రకం కలలను ఒక గుంపుగా చేర్చమంటాడు. చివరికి మనిషికి మూడు చుక్కలిచ్చి, నచ్చిన గుంపు మీద అతికించమంటాడు. అయిదు లక్షల డాలర్ల పైకప్పు ఖర్చు గురించి రాసిన చీటీ మీద రెండు చుక్కలు పడితే, ‘మరింత ఆనందం’ అన్న చీటీ మీద పంతొమ్మిది పడతాయి. చర్చకు పొసగని విషయాలను తరువాత చూద్దామని పక్కన రాసిపెట్టే కాగితానికి అక్కడ పార్కింగ్ లాట్ అని పేరు. ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు, నిజంగానే కార్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని రాస్తారు. ప్రతిసారీ ఆ చీటీ ఈ కాగితం మీదికే చేరుతుంది. అక్కడి నుంచి అది బయటపడిన దాఖలా లేదు.

మధ్యాహ్నం ధ్యేయవాక్య రచన మొదలవుతుంది. ‘ఆరాధన’ అన్న మాట పలకగానే వెనక వరసలోని వృద్ధ హేతువాది గొంతు సవరించుకుంటాడు. 1933 నాటి మానవవాద ప్రణాళిక (హ్యూమనిస్ట్ మానిఫెస్టో) మీద సంతకాలు చేసినవారిలో యూనిటేరియన్ మతాచార్యులు పలువురున్నారు గనుక, ఆయన అభ్యంతరానికి వంశగౌరవం కూడా ఉంది. ఆరాధనను తీసి ‘సమావేశం’ అంటే, అది వారు విడిచివచ్చిన ఆఫీసులా ఉందని ఇంకొకరు అంటారు. ‘ప్రేమ’కు ఎవరూ అడ్డు చెప్పరు గాని, దాని ముందు ‘సాహసోపేతమైన’ చేర్చాలని ఒకరూ, వెనక ‘న్యాయం’ చేర్చాలని ఒకరూ పట్టుబడతారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు తలకొక విశేషణం చేరి, సాయంత్రానికి ఆ వాక్యం ఊపిరి తీసుకోకుండా చదవలేనంత పొడవు అవుతుంది. చిత్రమేమంటే, ఇళ్ళకు వెళ్ళే ముఖాల్లో ఆదివారం ప్రసంగం తరువాత కూడా కనిపించని తృప్తి అప్పుడు కనిపిస్తుంది. సిద్ధాంతం మీద ఏకాభిప్రాయం కుదరని మతంలో ఏకాభిప్రాయం కోసం కూర్చోవడమే పూజ అయిందనీ, ఆ పూజకు ఈయన పురోహితుడనీ గ్రహించినవారికి ఆయన మీద కొంత గౌరవం కూడా కలుగుతుంది.

పై స్థాయిలోనూ పరిస్థితి ఇదే. ఈ మతశాఖ నియమావళిలో, సూత్రాలను పొందుపరచిన రెండవ అధికరణాన్ని పదిహేనేళ్ళు ఎవరూ సమీక్షించకపోతే, సమీక్షకు తప్పనిసరిగా ఒక సంఘాన్ని వేయాలని రాసి ఉంది. తన నమ్మకాలకు ఇలా తనిఖీ గడువు పెట్టుకున్న మతం అరుదు. 1985 నాటికి స్థిరపడిన ఏడు సూత్రాలను పిల్లలు పాటలుగా నేర్చారు, పెద్దలు చిన్న కార్డులుగా అచ్చువేసి పర్సుల్లో పెట్టుకున్నారు. 2024 జూన్‌లో వార్షిక మహాసభ సుమారు 80 శాతం ఓట్లతో వాటి స్థానంలో ప్రేమ కేంద్రంగా ఉండే విలువల పటాన్ని నిలిపింది. సూత్రానికొక అధ్యాయం చొప్పున ఏడు అధ్యాయాల ప్రణాళిక రాసి, స్పైరల్ బైండింగు కూడా చేయించిన అధ్యక్షుడి సంగతి ఓట్ల లెక్కలో రాలేదు.

ఇక సమాచార వితరణ. 1648 నాటి కేంబ్రిడ్జ్ ప్లాట్‌ఫారమ్ అనే చర్చిపాలనా పత్రం నుంచి వచ్చిన సంప్రదాయం ప్రకారం ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమే. బోస్టన్‌లోని కేంద్ర కార్యాలయం సలహా ఇవ్వగలదు గాని ఆజ్ఞాపించలేదు. ఆజ్ఞ లేనిచోట కబురే దిక్కు గనుక, అధ్యక్షుడు వారంవారం ఈమెయిలు, నెలనెలా వార్తాపత్రిక, ఆదివారం కార్యక్రమపత్రంలో గులాబీరంగు చీటీ, మరుగుదొడ్డి తలుపు మీద పోస్టరు, ఇన్ని దారుల్లో సర్వే గడువు తేదీ చాటిస్తాడు. సంతోషాలూ విచారాలూ అనే ఘట్టంలో సభ్యులు ఒక్కొక్కరుగా వచ్చి కొవ్వొత్తి వెలిగించి, మనవరాలు పుట్టిందనో, తమ్ముడికి ఆపరేషన్ జరిగిందనో చెప్పుకుంటారు. ఆయన కూడా గంభీరంగా వచ్చి, కొవ్వొత్తి వెలిగించి, సర్వే శుక్రవారంతో ముగుస్తుందని చెప్పి, దాన్ని సంతోషంగా లెక్కించాలో విచారంగా లెక్కించాలో చెప్పకుండా వెళ్ళి కూర్చుంటాడు. ఇంత చేసినా వార్షిక సభలో ఒకరు లేచి, ఈ సంగతి తమకెవరూ చెప్పలేదంటారు. ప్రార్థన తరువాతి కాఫీ వేళలో పాలగిన్నె పక్కన నిలబడే పెద్దావిడ మాత్రం, ఆయన అయిదు మార్గాల్లోనూ చేర్చలేని కబురును చేతిలోని కాఫీ చల్లారేలోగా అందరికీ చేరవేస్తుంది. కాకపోతే కొత్త కార్పెట్టు వేయాలన్న ప్రతిపాదన ఆవిడ నోట పియానో అమ్మకంగా మారుతుంది.

ప్రణాళిక ఆమోదం పొందిన ఏడాదికే మతాచార్యుడు మరో ఊరి పిలుపు అందుకుంటాడు. అప్పుడు వచ్చే మధ్యంతర మతాచార్యుడు సాధారణంగా రెండేళ్ళే ఉంటాడు. సంఘం తన గతాన్ని తరచి చూసుకుని, తానెవరో మళ్ళీ తేల్చుకునేలా చేయడం అతని విధుల్లో ఒకటి గనుక, చుట్టిన చార్టు కాగితాలు గాయకబృందం దుస్తుల బీరువా మీదికి, వెనకటి ప్రణాళికల పక్కకు చేరతాయి. అధ్యక్షుడు కుంగిపోడు. కొత్త చీటీల కట్టలు కొంటాడు. ఈసారి లేత నీలం కూడా దొరికాయని సంబరపడతాడు. శనివారం సభ ముగిశాక అందరూ వెళ్ళిపోతే, కుర్చీలన్నీ ఒక్కడే మడిచి గోడవార పేరుస్తాడు.

మర్నాడు కాఫీ వేళలో, అదే స్వెటరు వేసుకుని తిరిగే ఆయన వీపు మీద, నిన్న గోడ నుంచి రాలి అంటుకున్న చీటీ ఒకటి పచ్చగా కనిపిస్తుంది. దాని మీద ‘పార్కింగ్’ అని స్పష్టంగా చదవవచ్చు. ఆయనతో ఆ మాట చెప్పవలసిన బాధ్యత ఏ ఉపసంఘానిదో తెలియక, చూసినవారందరూ మర్యాదగా పక్కకు తప్పుకుంటారు.