పదహారున్నర సెంట్ల విలాసం

టెన్నిస్ డబ్బున్నవాళ్ల ఆట కనుక దానికి ప్రజాధనం వెచ్చించనక్కర్లేదన్న సూత్రం తెలుగు పట్టణాల పురపాలక కార్యాలయాల్లో ఎవరూ రాయకుండానే చట్టమై కూర్చుంది. ఊళ్లోని టెన్నిస్ క్లబ్బువారు నలుగురు కూడబలుక్కుని, మునిసిపల్ మైదానంలో ఉన్న ఒక్క కోర్టునూ బాగుచేయించి మరో రెండు వేయించమని వినతిపత్రం పట్టుకువెళ్లినప్పుడల్లా వారికి ఎదురయ్యేది ఇదే. ఇందులోని పనితనాన్ని మెచ్చుకోక తప్పదు: బయట ఆడుకునే చోటు లేదు కాబట్టి క్లబ్బు చందా కట్టగలవారే ఆడతారు, చందా కట్టగలవారే ఆడతారు కాబట్టి అది డబ్బున్నవాళ్ల ఆట, డబ్బున్నవాళ్ల ఆట కాబట్టి బయట చోటు అక్కర్లేదు. ఇలా మూడు మాటలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని తిరిగి మొదటికే చేరడాన్ని మన నైయాయికులు చక్రకదోషమని తోసిపుచ్చారు గాని, వారెవరూ పురపాలక సంఘాల్లో పనిచేసినవారు కారు.

ఈ సూత్రాన్ని అమలుచేసేవారికి టెన్నిస్ గురించి తెలియదనుకుంటే పొరపాటు. బ్రిటిష్ కాలంలో దొరల కాలక్షేపానికి వెలసిన ఆఫీసర్స్ క్లబ్బులు, టౌన్ క్లబ్బులు అనేక జిల్లా కేంద్రాల్లో నేటికీ ఊరి నడిబొడ్డున, చాలాచోట్ల సర్కారు భూమిలోనే, ప్రహరీ లోపల ఒకటి రెండు కోర్టులతో నిలిచి ఉన్నాయి. తెల్లవారకముందే మట్టి కోర్టుకు నీళ్లు కొట్టించి, సున్నంతో గీతలు దిద్దించి, సభ్యులకు ఎదురుగా నిలబడి ఆడించే ఉద్యోగిని అక్కడ మార్కర్ అంటారు. ఆ మార్కర్‌తో ఆరింటికి రెండు సెట్లు ఆడి, చెమట తుడుచుకుని, పదకొండింటికి కార్యాలయం చేరిన పెద్దమనిషి వినతిపత్రం అంచున ‘ఇది సామాన్యుల ఆట కాదు’ అని రాస్తే, అది స్వానుభవంతో రాసిన మాటే అవుతుంది. పొద్దున తనకు బంతులు ఏరి ఇచ్చిన కుర్రాడు, సభ్యులు రాకముందో వెళ్లిపోయాకో తప్ప రాకెట్ పట్టలేడన్న సంగతి ఆయనకన్నా బాగా ఎరిగినవారెవరు?

స్థలాభావమన్నది రెండవ అభ్యంతరం. గీతల మధ్య కోర్టు పొడవు 78 అడుగులు, డబుల్స్ ఆటకు వెడల్పు 36 అడుగులు. బంతి వెంట పరుగెత్తేవారు కంచెకు కొట్టుకోకుండా చుట్టూ వదిలే జాగాతో కలిపితే 120 అడుగులకు 60 అడుగులు, అంటే 800 చదరపు గజాలు, మన లెక్కలో పదహారున్నర సెంట్లు. అద్దెలు రాబట్టే దుకాణ సముదాయానికి ఎకరాలు దొరికే ఊళ్లోనే, ఈ పదహారున్నర సెంట్ల దగ్గరకు వచ్చేసరికి భూమండలం కుంచించుకుపోతుంది.

అయినా అప్పుడప్పుడు, మార్చి నెలాఖరులోగా ఖర్చుపెట్టకపోతే నిధులు మురిగిపోతాయన్న భయం పట్టుకున్నప్పుడు, కోర్టు మంజూరవుతుంది. అసలు ముచ్చట అక్కడ మొదలవుతుంది. హార్డ్ కోర్టు అంటే కాంక్రీటు లేదా తారు పునాది మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగును పొరలుపొరలుగా పరచిన కోర్టు. వాన నీరు నిలవకుండా అది మొత్తం ఒకే వైపుకు, సుమారు పది అడుగులకు అంగుళం చొప్పున, వాలి ఉండాలి. సిమెంటు రోడ్డు వేసిన చేత్తోనే కోర్టునూ వేసే కాంట్రాక్టరుకు ఈ అంగుళం వట్టి చాదస్తంగా తోస్తుంది, కనుక తొలి వానకే సర్వీసు గీత దగ్గర మడుగు కట్టి, మడుగు పాచి పట్టి, పాచి ఎండి పొరలుగా లేస్తుంది. ఇసుక కలిపిన రంగు బదులు గోడలకు పూసే పచ్చ రంగు పూయడంతో తడి ఆరిన రోజున కూడా బూటు జారుతుంది. అదే పలక మీద వాలీబాల్‌కు పసుపు గీతలు, షటిల్‌కు ఎర్ర గీతలు, కబడ్డీకి నీలం గీతలు వేసి, దానికి మల్టీపర్పస్ కోర్టు అని పేరు పెడతారు. ఏ గీత ఏ ఆటదో తేల్చుకోవడమే అక్కడ ఆడగలిగిన ఆట. వలను నడుమ 3 అడుగుల ఎత్తుకు దించి పట్టే తెల్లపట్టీ నెల తిరగకుండా మాయమవుతుంది, వల బిగించే పిడి పాత ఇనుప సామాన్ల దుకాణం చేరుతుంది, పెళ్లిళ్ల రోజుల్లో షామియానా తాళ్లకోసం దిగిన మేకుల రంధ్రాల్లోంచి గరిక మొలుస్తుంది. ఏడాదికి తనిఖీకి వచ్చిన అధికారి, ప్రజలకు టెన్నిస్ పట్ల ఆసక్తి లేదని, వేసిన కోర్టే ఖాళీగా ఉందని నివేదిస్తారు. ఆ నివేదికలో అబద్ధం ఒక్కటీ ఉండదు.

నిర్వహణ అనే పద్దు ఇంత నామోషీ ఎందుకైందో తేల్చడం కష్టం. 1877లో వింబుల్డన్‌లోని ఆల్ ఇంగ్లండ్ క్లబ్బువారు పచ్చికను చదును చేసే గుర్రపు రోలరు మరమ్మతుకు వస్తే, ఆ సొమ్ము సమకూర్చుకోవడానికే తమ మొదటి టెన్నిస్ పోటీని తలపెట్టారు. తలా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, కట్టి 22 మంది బరిలోకి దిగారు. ప్రపంచ ప్రఖ్యాతమైన ఆ పోటీ మరమ్మతు పద్దులోంచి పుట్టిందన్నమాట. మన దగ్గరైతే పాత రోలరును తుక్కుకింద వేలంవేసి, కొత్త రోలరుకు టెండరు పిలిచి, దాని ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ కోసం ఎదురుచూసేవారు.

డబ్బున్నవాళ్ల ఆట అన్న సూత్రాన్ని నిజంగా డబ్బున్న దేశమే పాటించలేదన్నది మరో విడ్డూరం. వీనస్, సెరెనా విలియమ్స్ అక్కచెల్లెళ్లు లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్ పబ్లిక్ కోర్టుల్లో ఆట నేర్చారు. 1975లో వింబుల్డన్ గెలిచిన ఆర్థర్ ఆష్ బాల్యం, వర్ణవివక్ష రోజుల్లో రిచ్‌మండ్ నగరంలో నల్లజాతివారికి కేటాయించిన ఒక పార్కులో, తండ్రి ఆ పార్కు కాపరిగా ఉండగా, కోర్టుల పక్కనే గడిచింది. యూఎస్ ఓపెన్ 1978 నుంచి జరుగుతున్నది న్యూయార్క్ నగర పార్కులోనే. పోటీలు లేని రోజుల్లో రుసుము కట్టినవారెవరైనా ఆ ప్రాంగణంలో ఆడవచ్చు. ఇంత దూరం పోనక్కర్లేదు. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది ఫతే మైదాన్‌లో, ప్రభుత్వం కట్టించిన కోర్టు మీదనే. ఆ విజయానికి అభినందన ఫ్లెక్సీలు కట్టిన పట్టణాలు ఎన్నో. దానిని చూసి ఒక్క కోర్టు వాలు సరిచేయించినవి ఎన్నో వెతుక్కోవాలి.

క్లబ్బువారు మాత్రం తక్కువ తినలేదు. వినతిపత్రంలో ‘పేద క్రీడాకారుల భవిష్యత్తు’ అని మొదలుపెట్టి, నాలుగో పేజీకి చేరేసరికి కోర్టుల నిర్వహణ బాధ్యతను, దానితోపాటు గేటు తాళాన్ని, తమకు అప్పగించమని అడగడం, ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు సభ్యులకు కేటాయించి, మిట్టమధ్యాహ్నపు ఎండను ప్రజలకు ధారాళంగా వదలడం, తెలుపు దుస్తులు లేనివారికి ప్రవేశం లేదనడం వారికి అలవాటే. కాని అడిగేవారి బుద్ధి వంకరైనంత మాత్రాన అడిగినది అన్యాయం కాదు. సరైన వాలు, రెండు దీపస్తంభాలు, ఒంటరిగా వచ్చిన పిల్లలు బంతి కొట్టుకోవడానికి ఒక గోడ, జీతం అందే ఒక గ్రౌండ్స్‌మన్, తాళం లేని గేటు: ఇవి కమిషనరు తలచుకుంటే తీరేవే. తాళం మాట వినతిపత్రంలోంచి కొట్టేసి మిగిలింది మంజూరు చేస్తే ఇరుపక్షాల గుట్టూ ఒకే సంతకంతో తేలుతుంది. అందుకేనేమో దస్త్రం ఇంజినీరింగు విభాగానికి వెళ్లి, ముఖద్వారం ఆర్చి, ప్రముఖుల గ్యాలరీ, శిలాఫలకం కలిపిన కొత్త అంచనాలతో తిరిగి వస్తుంది. అందులో వల ఉండదు.