పడకగది నుంచి హాల్లోకి

మా బావమరిది కొడుక్కి అన్నప్రాశన 2006లో న్యూజెర్సీలో జరిగింది. ఆ వేడుకంతా వీడియో తీసి, సీడీలో పెట్టి, ఇండియా వస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపాడు. ఆ సీడీ సముద్రాలు దాటి, హైదరాబాదులో దిగి, రైలెక్కి తెనాలిలో మా ఇంటికి 4 రోజుల్లో చేరింది. మా పడకగదిలో ఉన్న కంప్యూటర్ నుంచి హాల్లో ఉన్న టీవీలోకి రావడానికి మాత్రం 19 రోజులు పట్టింది. మధ్య దూరం 12 అడుగులు. నేను అడుగులేసి కొలిచాను.

కంప్యూటర్లో బంగారంలా ఆడింది. వచ్చిన చిక్కల్లా కంప్యూటర్ ఉన్న చోటుతోనే. మంచానికీ బీరువాకీ మధ్య ఇరికించిన బల్ల, దాని మీద 15 అంగుళాల మానిటర్, ముందు ఒక్క కుర్చీ. మనవణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్ళు పదకొండుమంది. అత్తయ్యగారు కుర్చీలో, మామయ్యగారు మంచం మీద, తక్కినవాళ్ళు దొరికిన సందులో. మా ఆవిడ పిన్నిగారికి గదిలో చోటు దొరకలేదు. గుమ్మం బయట నుంచుని గంటా పది నిమిషాలూ చప్పుడు మాత్రం విని, "పిల్లాడు మంచి రంగున్నాడు" అని మెచ్చుకుని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్యగారు, "ఏం బాబూ, హాల్లో అంత పెద్ద టీవీ పెట్టుకుని ఈ ఇరుకులో అవస్థేమిటి? అందులో వెయ్యకూడదూ?" అన్నారు.

"దానిదేముందండీ, అయిదు నిమిషాల పని" అన్నాను.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఈ సంగతి మా అత్తవారింట్లో ఎవరికీ గుర్తుండదు. ఇంజనీరంటే ఇంజనీరే. మిక్సీ తిరక్కపోయినా, మోటారు నీళ్ళు తోడకపోయినా నాకే కబురు. ఇన్నేళ్ళుగా నేనూ ఆ గౌరవాన్ని కాదనలేదు కాబట్టి తప్పు పూర్తిగా వాళ్ళదే అనలేను.

సీడీ తీసి డీవీడీ ప్లేయర్ దగ్గరికి వెళ్ళాను. బటన్ నొక్కితే నాలుక చాపింది. సీడీ పెట్టాను. నాలుక లోపలికి తీసుకుంది. గుర్రుమంది, కాసేపు ఆలోచించింది, టీవీ మీద "నో డిస్క్" అని రాసింది.

"ఏమంటోంది?" అన్నారు అత్తయ్యగారు.

"డిస్కు లేదంటోందండీ."

"కడుపులో పెట్టుకుని లేదంటుందేం!"

మళ్ళీ తీశాను. ఊదాను. బనియను అంచుతో తుడిచాను. పెట్టాను. నో డిస్క్. మామయ్యగారు కళ్ళజోడు గుడ్డ ఇచ్చారు. దాంతోనూ తుడిచాను. ఎదురింటాయన వచ్చి లెన్సు మీద దుమ్ము చేరి ఉంటుందన్నాడు. పైమూత నాలుగు స్క్రూలూ విప్పి, దూదికి స్పిరిట్ అద్ది, ఆ కందిగింజంత లెన్సుని పసిపిల్లాడి కన్ను తుడిచినట్టు తుడిచాం. నో డిస్క్. స్క్రూలు బిగించాక ఒకటి మిగిలింది. అది ఎక్కడిదో ఈ రోజుకీ తెలీదు.

బోసు రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాను. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు సీడీని కంప్యూటర్లో పెట్టి, ఒక్క చూపు చూసి, "ఇది డేటాగా రైట్ చేసింది సార్. లోపల ఉన్నది ఏవీఐ ఫైలు. మీ ప్లేయర్ చదవదు" అన్నాడు.

"ఏవీఐ అంటే వీడియోనే కదయ్యా?"

"ఏవీఐ అంటే పైన డబ్బా సార్. లోపల ఏముందో డబ్బా పేరు చూసి చెప్పలేం. ఇందులో డివ్‌ఎక్స్ ఉంది."

నాకు సగమే అర్థమైంది. ఇంటికొచ్చి మామయ్యగారికి ఆ సగమే చెప్పాను. ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టర్. అర నిమిషంలో పట్టేశారు.

"అంటే కవరన్నమాట అల్లుడుగారూ. కవరు అందరూ ఒకటే కొంటారు. లోపల ఉత్తరం తెలుగులో రాస్తారో, ఉర్దూలో రాస్తారో కవరుకేం తెలుసు? మీ కంప్యూటరుకి పది భాషలొచ్చు. ఈ పెట్టెకి ఒకటో రెండో వచ్చు. దీన్ని తిట్టి ఏం లాభం, తర్జుమా చేయించండి."

ఇంతకంటే బాగా చెప్పినవాణ్ణి నేను ఇప్పటిదాకా చూడలేదు. ఆ పెట్టెకొచ్చిన భాషలు నిజంగానే రెండే. వీసీడీ వాడే ఎంపెగ్-1, డీవీడీ వాడే ఎంపెగ్-2. డివ్‌ఎక్స్ ఎంపెగ్-4 సంతతిది. అదే వీడియోని ఇంకా గట్టిగా నొక్కి, మడిచి, గంటన్నర బొమ్మని ఒక్క సీడీలో కుక్కేస్తుంది. మడత విప్పే ఒడుపు తెలిసినవాడి దగ్గరే అది విచ్చుకుంటుంది.

ఆ పేరు వెనక కూడా ఒక వెక్కిరింపు ఉంది. అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే దుకాణాల వాళ్ళు డివ్‌ఎక్స్ అనే డిస్కులు అమ్మేవాళ్ళు. కొని, మొదటిసారి వేసిన 48 గంటల తర్వాత డిస్కు మొరాయిస్తుంది, మళ్ళీ చూడాలంటే మళ్ళీ కట్టాలి. జనం ఛీ కొట్టారు, 1999లో ఆ డిస్కుల వ్యాపారం కట్టేశారు. జెరోమ్ రోటా అనే ఫ్రెంచివాడు మైక్రోసాఫ్ట్ వాళ్ళ కోడెక్‌కి, అంటే ఆ మడత పెట్టి విప్పే సాఫ్ట్‌వేర్‌కి, దొంగచాటుగా మరమ్మతు చేసి వదిలినప్పుడు, ఆ చచ్చిన పేరే పెట్టి పక్కన కన్నుకొట్టే బొమ్మ చేర్చాడు. తర్వాత ఇంకొందరు ఎవరైనా వాడుకునేలా మరొకటి తయారుచేసి, అదే పేరు తిరగేసి ఎక్స్‌విడ్ అన్నారు. మన ఊళ్ళల్లో పాత హోటలు ఎదురుగా పుట్టే కొత్త హోటళ్ళ పేర్లు కూడా ఇలాగే ఉంటాయి.

సరే, వీసీడీ భాషలోకి తర్జుమా మొదలుపెట్టాను. నీరో అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించాడంటారే, ఆ చక్రవర్తి పేరే. సీడీ 'కాల్చే' పని కాబట్టి జర్మనీవాళ్ళు ఆ పేరు పెట్టారు, గుర్తుగా మండుతున్న కొలోసియం బొమ్మ వేశారు. కొలోసియం కట్టింది నీరో చచ్చాకే. ఆ రాత్రి ఆ బొమ్మ వంక చూస్తూ నేను కూర్చున్నన్ని గంటలు ఇంకెవరూ కూర్చుని ఉండరు కాబట్టి ఈ పొరపాటు కనిపెట్టే హక్కు నాకుంది.

మాది 256 ఎంబీ మెమరీ ఉన్న సెలెరాన్. "మిగిలిన సమయం 4 గంటల 50 నిమిషాలు" అంది. అరగంట పోయాక చూస్తే 5 గంటల 10 నిమిషాలు అంది. తెనాలి జంక్షన్లో రైలు ఆలస్యం ప్రకటనలు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు వింతగా తోచలేదు. తెల్లవారుజామున నాలుగింటికి 87 శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమంది, అది కూడా పోయింది. ఆ చీకట్లో మంచం మీంచి మా ఆవిడ గొంతు వచ్చింది: "ఏవండీ, అయిదు నిమిషాలయ్యాయా?"

రెండో రాత్రి పూర్తయింది. ప్లేయర్లో పెడితే ఈసారి డిస్కు ఉందని ఒప్పుకుంది. టీవీలో బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో. వచ్చిన బొమ్మ నిలవకుండా కింద నుంచి పైకి దొర్లుతోంది. మనవడు నెత్తిన పాదాలతో పైకెళ్ళి, మళ్ళీ కింద నుంచి వస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ "పాల్ కావాలా, ఎన్‌టీఎస్‌సీ కావాలా" అని అడిగినప్పుడు, పిల్లాడు అమెరికావాడు కదా అని ఎన్‌టీఎస్‌సీ నొక్కాను. అక్కడి టీవీల పద్ధతి అది. తెర మీద 525 గీతలు, సెకనుకి సుమారు 30 బొమ్మలు. మనం 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు రంగుల టీవీలోకి వచ్చినప్పుడు పాల్ పద్ధతి తీసుకున్నాం. 625 గీతలు, 25 బొమ్మలు. మా 21 అంగుళాల పాత టీవీకి అమెరికా రంగులు బోధపడవు.

"ఏమైంది బాబూ?" వంటింట్లోంచి అత్తయ్యగారు.

"పాల్‌లో పెట్టలేదండీ, అందుకే పాడైంది."

"ఫ్రిజ్‌లో పెట్టకపోతే విరిగిపోవూ మరి!"

మొత్తం మీద పాడైన సీడీలు తొమ్మిది. పాల్‌లో పెట్టి మరో రాత్రి, మధ్యలో ఒకసారి డిస్కుకి చోటు చాలక మరో రాత్రి. తక్కువ స్పీడులో రైట్ చెయ్యమని షాపు కుర్రాడు చెప్తే ఇంకొకటి. పాడైనవాటిని మా ఆవిడ టీ గ్లాసుల కింద పెట్టడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళకి టీ ఇస్తూ, "ఇది మా మేనల్లుడి అన్నప్రాశన" అనేది.

పంతొమ్మిదో రోజు ఆదివారం. హాల్లో పదిహేనుమంది. పిన్నిగారికి మొదటి వరస. బొమ్మ వచ్చింది, రంగులతో వచ్చింది, నిలబడింది. వీసీడీ బొమ్మ అంటే అడ్డం 352 చుక్కలు, నిలువు 288. డీవీడీ బొమ్మలో నాలుగో వంతు. కంప్యూటర్లో పాలబుగ్గల్లా కనిపించిన బుగ్గలు ఇక్కడ చదరంగం గళ్ళలా వచ్చాయి. వాడు తల తిప్పినప్పుడల్లా ముఖం ముందు తిరిగేది, గళ్ళు తర్వాత వెళ్ళి కలిసేవి. అయినా ఎవరూ ఏమీ అనలేదు. మామయ్యగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

తర్వాత శబ్దం వెనకబడ్డం మొదలైంది. మొదట్లో అరసెకను. పురోహితుడు పెదవులు కదిపాక మంత్రం. పోను పోను రెండు సెకన్లు. పళ్ళెం కింద పడ్డాక, అందరూ వంగి తీశాక, ఠంగుమని మోత. ఎంపీ3 శబ్దాన్ని ఒకచోట వదులుగా ఒకచోట గట్టిగా నొక్కితే, 1992లో పుట్టిన ఏవీఐ కవరుకి ఆ లెక్క సరిగ్గా ఉండదని, తర్జుమాలో జారిపోతుందని నాకు చాన్నాళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు మామయ్యగారే నన్ను కాపాడారు.

"కంగారుపడకండి అల్లుడుగారూ. బొమ్మ రిజిస్టర్ పోస్టులో వచ్చింది. మాట ఆర్డినరీలో వస్తోంది. అందుతుంది లెండి."

అసలు గొడవ చివర్లో వచ్చింది. పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారం, రూపాయి నోట్లు, చాకు పేర్చి వదిలారు. పాక్కుంటూ వెళ్ళాడు. అప్పటికి శబ్దం నాలుగు సెకన్లు వెనకుంది. వాడి చెయ్యి కలం మీద పడింది. నిశ్శబ్దం. కలం వదిలేసి పక్కకి జరిగి చాకు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు న్యూజెర్సీ అంతా కలిసి "కలం! కలం పట్టాడు!" అని చప్పట్లు కొట్టింది.

"కలం" అన్నారు మామయ్యగారు, చెవితో విన్నదాన్ని బట్టి.

"కత్తి" అన్నారు అత్తయ్యగారు, కంటితో చూసినదాన్ని బట్టి.

ఆ తగువు వాళ్ళిద్దరి మధ్యా మామయ్యగారు పోయేవరకూ నడిచింది. పదిసార్లు వేసి చూపించాను. వేసినప్పుడల్లా కన్ను కత్తి అంది, చెవి కలం అంది. అసలు ఫైలు చూస్తే తేలిపోయేది, కానీ కంప్యూటర్ హార్డ్ డిస్కు పోయింది. అమెరికా సీడీయేమో టీ గ్లాసుల వరసలో చేరి, అడుగున గ్లాసు మచ్చ పడి, ఏ కంప్యూటరూ చదవని స్థితికి వచ్చింది. వాటిలో అదేదో నేను గుర్తు పెట్టలేదు.

2010 ప్రాంతంలో యూఎస్‌బీ కన్నం, డివ్‌ఎక్స్ ముద్ర రెండూ ఉన్న కొత్త ప్లేయర్ కొన్నాను. కష్టాలు తీరాయనుకున్నాను. పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే చూడనంది. ఫ్యాట్32లో పెడితే 4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కలేదు. తెలుగులో పేరు పెడితే వరసగా డబ్బాలు చూపించింది. అప్పటికి జనం ఎంకేవీల్లోకి వెళ్ళిపోయారు. ఒకదాంట్లో ఒకటి దూరే రష్యా కొయ్యబొమ్మల పేరు మీద వచ్చిన కవరది, లోపల హెచ్.264. మళ్ళీ కొత్త భాష. నేనిక తర్జుమాలు మానేశాను.

మొన్న వేసవిలో ఆ పిల్లాడు వచ్చాడు. ఆరడుగులున్నాడు. డాక్టరీకి ముందు అక్కడ ఏదో చదవాలట, అది చదువుతున్నాడు. "నేను అప్పుడే చెప్పాను, కత్తి పట్టాడని" అన్నారు అత్తయ్యగారు. తానేం పట్టుకున్నాడో తెలుసుకోవాలని, "మామయ్యా, ఆ వీడియో ఉందా?" అన్నాడు వాడు. వాడి ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. అటక మీంచి పాత ప్లేయర్ దింపాను. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు వెతికి పట్టాను. నాలుక చాపనని మొరాయిస్తే నెత్తిన ఒకటిచ్చాను. చాపింది.

వాడు నేల మీద బాసింపట్టు వేసుకుని గళ్ళ బుగ్గల తనని తాను చూసుకున్నాడు. శబ్దం యథాప్రకారం ఆర్డినరీ పోస్టులో వచ్చింది. కలం దగ్గరికి వచ్చేసరికి ఫోను తీసి, నిలువుగా పట్టుకుని, టీవీని వీడియో తీశాడు. అక్కడే కూర్చుని వాట్సాప్‌లో అందరికీ పంపాడు. నా జేబులో కుయ్యిమంది.

అత్తయ్యగారు నా ఫోను అందుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇంత చిన్న దాంట్లో ఏం కనిపిస్తుంది బాబూ? దీన్ని టీవీలో వెయ్యకూడదూ?"

పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానని లేచాను.