ఎల్లంతకుంటకు మిత్రదేశం హోదా ఇవ్వాలి

మా ఎల్లంతకుంటను భారతదేశానికి మిత్రదేశంగా గుర్తించాలని విదేశాంగ, రక్షణ శాఖలకు ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాం. దేశంలోనే ఉన్నవాళ్లకు మళ్లీ మైత్రి ఏమిటని ఢిల్లీ అధికారులు అడుగుతారు. లోపల ఉన్నవాళ్లకు దొరకనివి బయటి మిత్రులకు దొరుకుతున్నాయి కాబట్టే అడగాల్సి వస్తోంది. మాది రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రం. అణ్వాయుధాలు లేవు. పొరుగున బెజ్జంకితో సరిహద్దు తగాదా లేదు. అట్లాగని ఆయుధాల సంగతి మాకు తెలియదనుకోవద్దు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పటి నుంచి రెండు వైపుల తుపాకులూ చూసినవాళ్లం. ఏ తుపాకీ అన్నం అడిగిందో, ఏ తుపాకీ అన్నం పెట్టినందుకు కొట్టిందో చెప్పగల పెద్దలు ఇంకా మా అరుగుల మీద ఉన్నారు.

మిత్రదేశమైతే ముందుగా వచ్చేది అప్పు. 2016 సెప్టెంబరులో ప్రధాని వియత్నాం వెళ్లి, రక్షణ కొనుగోళ్లకని 50 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించి వచ్చారు. హనోయిలో ఎవరినీ పట్టాదారు పాసు పుస్తకం పెట్టమన్నట్టు వార్త రాలేదు. సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుకునే ఆసామి బ్యాంకుకు పోతే మాత్రం ఇద్దరు జమానతుదారులు కావాలి, వాళ్లకు మళ్లీ ఇంకెక్కడా బాకీ ఉండకూడదు. సిరిసిల్లకు తెలిసిన ఒకే ఒక భారీ ఒప్పందం 2017లో మొదలైన బతుకమ్మ చీరలు. 2024 మొదట్లో కొత్త ఆర్డరు లేక, పాత బకాయి రాక సాంచాలు ఆగిపోయాయి. తర్వాత పేరు మార్చుకుని ఇందిరమ్మ చీరలై ఆర్డరు వచ్చిందనుకోండి. కానీ సర్కారు మారగానే ఆర్డరు ఆగే దుస్థితి ఆయుధాల కంపెనీకి పట్టినట్టు మీరెప్పుడైనా విన్నారా? అధికారంలోకి ఎవరొచ్చినా క్షిపణి పేరు కూడా మారదు.

రెండోది నిల్వలు. 2017 జూలైలో కాగ్ పార్లమెంటుకు ఒక నివేదిక ఇచ్చింది. యుద్ధమొస్తే 40 రోజులకు సరిపడా మందుగుండు ఉండాలని సైన్యం లెక్క. 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల్లో 61 రకాలు పది రోజులకు కూడా చాలవని కాగ్ తేల్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీ స్టూడియోల్లో మందుగుండు మాత్రం దండిగా ఉండేది. యాంకర్లు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే పదింటికల్లా రావల్పిండి దాటేవారు. వాళ్ల నిల్వల మీద కాగ్ ఇంతవరకు ఆడిట్ చేయలేదు.

మా నిల్వల లెక్క వేరు. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో యూరియా కోసం తెలంగాణ రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. కారణాలు చాలా చెప్పారు. రామగుండం ఫ్యాక్టరీ ఆగిందన్నారు, చైనా ఎగుమతులు బిగబట్టిందన్నారు. ఎర్ర సముద్రంలో ఓడలు తిరగలేకపోతున్నాయనీ అన్నారు. ఈ మూడో కారణం చూడండి. ఇరాన్ తన మిత్రులైన హౌతీలకు క్షిపణులు ఇస్తుంది. హౌతీలు ఓడల మీద వేస్తారు. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగొచ్చేసరికి ఇక్కడ నాటేసిన వరి ఎర్రబడుతుంది. విదేశీ మిత్రులకు ఆయుధాలివ్వడం మీద ప్రపంచంలో ఎన్ని సదస్సులు జరిగినా, ఈ గొలుసు చివర ఉన్న చెప్పు ఎవరిదో ఏ సదస్సులోనూ రాలేదు. లైనులో నిలబడ్డ ముసలాయనకు ఇదంతా విడమరిచి చెబితే, “గా హౌతీలెవలో గని, మనతోని గాళ్లకు ఏం కైయ్యం బిడ్డా?” అన్నాడట. ఐక్యరాజ్య సమితిలో ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు.

ఇక మైత్రి అంటే ఏమిటో మాకు తెలుసా అని అడిగితే, మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మేం నిజాం రాజ్యంలో ఉన్నవాళ్లం. మిత్రుడి చేత ఆయుధాలు మోయించుకోవడం, మిత్రుడికి ఆయుధాలు కొనిపెట్టడం రెండూ చేసిన రాజ్యం అది. 1798లో రెండో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. షరతు ఏమిటంటే, ఫ్రెంచి దొర రేమండ్ తయారుచేసిపెట్టిన సొంత పటాలాన్ని రద్దు చేయాలి. దాని బదులు కంపెనీ పటాలాలు ఆరు వస్తాయి, ఏడాదికి 24 లక్షల రూపాయల పైచిలుకు ఇవ్వాలి. రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు ఇప్పటి గన్‌ఫౌండ్రీ. ఆ రోడ్డులో ఇప్పుడు ఫిరంగులు కనబడవు, బ్యాంకు మాత్రం ఉంది. ఒప్పందం సారం కూడా ఇంచుమించు అదే.

రెండేళ్లు తిరిగేసరికి డబ్బు బదులు భూమి ఇస్తే బాగుంటుందని మిత్రుడికి తోచింది. 1800లో దత్తమండలాలు, అంటే బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత, కంపెనీకి పోయాయి. టిప్పును ఓడించడంలో సాయం చేసినందుకు నిజాంకు వాటాగా వచ్చిన భూములే అవి. మిత్రుడు ఇప్పించిందే మిత్రుడు తీసుకున్నాడు, మధ్యలో యుద్ధం ఖర్చు మాత్రం మనది. తర్వాత కంటింజెంటు అని ఇంకో పటాలం వచ్చింది. దాన్ని నడిపేది కంపెనీ రెసిడెంటు, జీతాలిచ్చేది నిజాం. జీతాలకు అప్పు, అప్పుకు వడ్డీ పెరిగి పెరిగి 1853లో బేరార్ పోయింది. బేరార్ అంటే పత్తి పండే నల్లరేగడి. మాంచెస్టర్ మిల్లులకు పత్తి కావాల్సిన కాలంలోనే హైదరాబాద్ రక్షణ బాకీ తీర్చడానికి పత్తి నేల తాకట్టు పడడం కాకతాళీయమని చరిత్రకారులు నమ్మితే నమ్మనివ్వండి.

2025 ఏప్రిల్ 30న అమెరికా, ఉక్రెయిన్‌లు ఖనిజాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దానికి రెండు నెలల ముందే వైట్‌హౌస్‌లో కెమెరాల ముందు జెలెన్‌స్కీని కూర్చోబెట్టి, ఇచ్చిన ఆయుధాలకు కృతజ్ఞత చెప్పలేదేమని గద్దించారు. లోకమంతా ముక్కున వేలేసుకుంది. హైదరాబాద్ చరిత్ర చదివినవాళ్లు మాత్రం టీ తాగుతూ చూశారు. బేరార్‌ను అట్లనే తీసుకున్నారు, కెమెరాలు లేవంతే. అప్పుడు పత్తి, ఇప్పుడు లిథియం, టైటానియం. పంట మారింది.

మిత్రుడికి మనం ఆయుధాలు కొనిపెట్టిన ముచ్చట ఇంకా గొప్పది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు బహుమతిగా ఇచ్చాడు. దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. విమానాల మీద నిజాం ఇచ్చినవని రాయించారు కూడా. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సుకు వెళ్లి జర్మనీ పట్టణాల మీద బాంబులు వేశాయి. అప్పటి మా కరీంనగర్ జిల్లాలో బావి తవ్వుకోను దిక్కులేని రైతు కట్టిన శిస్తు కూడా ఆ రెక్కల్లో ఉంది. జర్మనీతో మా తాతలకు ఏ గట్టు తగాదా ఉందో ఎవరూ చెప్పలేదు. చెల్లుకు చెల్లుగా నిజాంకు యారే వఫాదార్ అని, బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడని బిరుదు దక్కింది. రెండో యుద్ధం వచ్చేసరికి రైతు ఇంట్లోంచి లెవీ ధాన్యం పోయింది. హైదరాబాద్ పేరుతో మరో రెండు స్క్వాడ్రన్లు బ్రిటన్ ఆకాశంలో ఎగిరాయి.

అంత నమ్మకమైన మిత్రుడికి 1948లో తుపాకులు కావాల్సి వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వం ఇవ్వలేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు దొంగచాటుగా బీదర్, వరంగల్‌లకు ఆయుధాలు మోశాడు, రొక్కానికి. సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న అంతా అయిపోయింది. నూటయాభై ఏళ్ల మైత్రి ఖాతాలో చివరికి పనికొచ్చింది ఒక స్మగ్లరు, వాడూ చాల్లేదు.

ఇప్పుడు మిత్రులను మనమే సాయుధులను చేసే స్థాయికి వచ్చాం. 2013-14లో 686 కోట్లున్న ఆయుధ ఎగుమతులు 2024-25లో 23,622 కోట్లయ్యాయి. అందులో హైదరాబాద్ వాటా చిన్నది కాదు. 2018 డిసెంబరులో తుక్కుగూడలో అదానీ, ఇజ్రాయెల్ ఎల్బిట్ కంపెనీలు కలిసి హెర్మిస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ పెడితే, అప్పటి రాష్ట్ర హోంమంత్రి మహమూద్ అలీ ప్రారంభించారు. అక్కడ తయారైన ఇరవై డ్రోన్లు ఇజ్రాయెల్‌కు పోయాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. ఢిల్లీ ఆ సంగతి డప్పు కొట్టి చాటలేదు. చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు మోగిన డప్పే ఇది, తోలు కొంచెం తడిసినట్టుంది.

మూడు నెలలకు, అంటే 2024 మే నెలలో, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో ఇజ్రాయెల్ పనులకు మనుషుల్ని ఎంపిక చేశారు. పాలస్తీనా కూలీలను రానివ్వక ఏర్పడ్డ ఖాళీలు అవి. సెంట్రింగు కొట్టడం, ఇనుప కడ్డీలు వంచడం, టైల్స్ వేయడం, ప్లాస్టరింగు. 2,209 మంది పోటీ పడితే 905 మంది నెగ్గారు. జీతం నెలకు లక్షా ముప్పై ఏడు వేలు. గల్ఫ్ బాట పట్టి పట్టి అరిగిపోయిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలకు ఇది పెద్ద మాటే, పోయినవాణ్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ లెక్క ఒకసారి చూడండి. పైన ఎగిరేది తుక్కుగూడది. కింద గోడ కట్టేవాడు మన దిక్కువాడు. ఇరాన్ క్షిపణి వస్తే బంకర్లోకి ఉరికేదీ వాడే. యుద్ధంలో కూల్చే కాంట్రాక్టు, కట్టే కాంట్రాక్టు, దాక్కునే కాంట్రాక్టు మూడూ ఒకే రాష్ట్రానికి రావడం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. పెట్టుబడుల సదస్సులో ఈ ఘనత ఎందుకు చెప్పుకోరో!

ఆర్మేనియా సంగతి ఇంకా ముద్దొస్తుంది. 2020 యుద్ధంలో ఆర్మేనియా మీద అజర్‌బైజాన్ వాడినవాటిలో ఇజ్రాయెల్ డ్రోన్లున్నాయి. అందుకని ఆర్మేనియా మన దగ్గర ఆకాశ్ క్షిపణులు కొనుక్కుంది. అవి చేసేది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్. ఒక మిత్రుడు అమ్మిన డ్రోన్లను కూల్చడానికి ఇంకో మిత్రుడికి మనం క్షిపణి అమ్మాం. కంచన్‌బాగ్ నుంచి తుక్కుగూడకు ఆటోలో పోయి రావచ్చు. ఆకాశంలో ఎదురుపడితేనే చిక్కు.

ఇన్ని చూశాక మా దరఖాస్తు న్యాయమైనదే అనిపించాలి. మిత్రుడన్నాక భూభాగం వదులుకోవాలి అంటారా, అదీ చేశాం. మూడున్నర టీఎంసీల అన్నపూర్ణ జలాశయం కోసం మా మండలంలో అనంతగిరి ఊరికి ఊరే ఖాళీ అయింది. దత్తమండలాలకు మేమేం తీసిపోయాం? రోడ్లు అడిగితే రక్షణ పద్దులో డబ్బుల్లేవంటారా, దానికీ దారుంది. 2025 జూన్‌లో నాటో దేశాలు జీడీపీలో ఐదు శాతం రక్షణకు పెడతామని ఒప్పుకున్నాయి. అందులో ఒకటిన్నర శాతం రోడ్లు, వంతెనల వంటివాటికి కూడా చెల్లుతుందట. ఇటలీ వాళ్లు సిసిలీకి కట్టబోయే మెస్సీనా వంతెనను ఆ లెక్కలో వేద్దామా అని చూశారు. మా సిరిసిల్ల రోడ్డు గుంతలు కూడా ట్యాంకులను ఆపగలవు. వాటిని కందకాలుగా చూపించి నిధులివ్వండి, పూడ్చమని అడగం.

ఇదంతా వేళాకోళమే అయినా ఒక్క సంగతి కాదు. 2025-26లో దేశ రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే 1.60 లక్షల కోట్లు. ఆ భారం తగ్గించుకోవడానికే కావచ్చు, 2022లో నాలుగేళ్ల అగ్నిపథ్ వచ్చింది. తెల్లారగట్ల మా రోడ్ల మీద ఉరికే పిల్లల బతుకు దాంతో మారిపోయింది. ఎంత పెట్టాలి, ఎవరికి అమ్మాలి, ఎన్ని రోజుల నిల్వ ఉండాలి అన్నవి వాదించి తేల్చుకోవాల్సిన ప్రశ్నలే. సైన్యం వద్దనేవాడు ఇక్కడ ఎవడూ లేడు. కానీ 2018 మార్చిలో, మళ్లీ 2023 మార్చిలో లోక్‌సభ మంత్రిత్వ శాఖల పద్దులన్నీ, రక్షణతో సహా, చర్చ లేకుండా గోల మధ్య ఆమోదించింది. నిజాం మమ్మల్ని అడగకుండా ఇచ్చాడంటే రాజు కాబట్టి అనుకున్నాం. మా గ్రామసభలో వీధి లైటు బల్బు ఖరీదు మీద అంతకన్నా ఎక్కువసేపు కొట్లాట జరుగుతుంది.

1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు వెళ్లిన బద్దం ఎల్లారెడ్డి మా మండలం గాలిపెల్లి మనిషి. సాయుధ పోరాటం నడిపి, ఓట్లడిగి, మాట్లాడేందుకని ఢిల్లీ పోయినాయన. ఇప్పటి ఎంపీలు, ఏ పార్టీ వాళ్లయినా, పెండ్లికో దినానికో మన ఊళ్లకు వస్తూనే ఉంటారు. బంతి దగ్గర కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి: “సారూ, రక్షణ పద్దు మీద సభల మీరెన్ని నిమిషాలు మాట్లాడిండ్రు?” జవాబు చెప్పేదాకా సెల్ఫీ దిగకండి.