తుంగ మొలిచిన చోటు

నేను డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు మా బోటనీ సారు బెంగళూరు వెళ్లి లాల్‌బాగ్ చూసొచ్చారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. ఆ ఊపులో క్లాసుకంతా ప్రాజెక్టులు పంచారు. నా వంతుకు ‘గుంతకల్లులో పచ్చటి చోట్లు’ వచ్చింది. క్లాసంతా ఒకటే నవ్వు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ దానికి బుద్ధి పుడితే పడే జిల్లా మాది. తెల్లకాగితం ఇచ్చినా మార్కులేస్తారులే అన్నాడు పక్కబెంచీవాడు.

సైకిలు మీద తిరిగాను. 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైనప్పటి నుంచీ మా ఊరి బతుకు సగం పట్టాల చుట్టూనే. నీడ కూడా అంతే, రైల్వే కాలనీ వేపలూ కానుగలే దిక్కు. పార్కు అని బోర్డున్న చోట పచ్చగా ఉన్నది గేటుకు కొట్టిన రంగు. జారుడుబండ కాలిన పెనంలా ఉంటే పిల్లలు దాని జోలికే పోలేదు. ఊరి బయట మాత్రం ఎటు చూసినా సర్కారు తుమ్మ. దాన్ని పచ్చదనంలో కలపాలా వద్దా అని సారును అడిగితే, “రాయి. కానీ గర్వంగా రాయొద్దు” అన్నారు.

ఉగాదికి ముందు ఓ మిట్టమధ్యాహ్నం కసాపురం దోవలో పోతూ బ్రేకు పట్టాను. చుట్టూ ఎర్రమట్టి, మధ్యలో పది మంచాలు వేసేంత చోట గరిక కళకళలాడుతోంది. గరిక మధ్య మోకాలెత్తు తుంగ! ఒక మొక్క పీకితే బురదతో సహా ఊడొచ్చింది. వేరుకు నల్లటి చిన్న గడ్డ. గిల్లితే ఘుమ్మంది. తుమ్మచెట్టు కింద ఒక అవ్వ, గడ్డిలో ఆమె మేకలు నాలుగు.

“ఈడ ఇంత పచ్చగా ఎట్లుందవ్వా?”

“ఆంజనేయసామి దయ నాయనా. ఏం రాస్కుంటాండావు?”

చెప్పాను. “రాస్కో. ఎవురికీ చూపియ్యాకు” అంది. దిష్టి తగులుతుందని ఆమె బెంగ కాబోలనుకున్నాను.

తుంగ గడ్డ చూపించగానే సారు కుర్చీలోంచి లేచారు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే బృహత్సంహితలో ‘దకార్గళం’ అని ఒక అధ్యాయం పెట్టి, చెట్లనూ పుట్టలనూ బట్టి భూమిలో నీటిజాడ ఎలా పట్టాలో చెప్పాడట. ఇంకేం, 11 పేజీలు రాసేశాను. అక్కడ పాతాళగంగ ఉంది, పార్కు కట్టాలంటే అదే చోటు అని. సారు దాన్నొక ఆఫీసుకు కూడా పంపారు. నాకు 50కి 48 మార్కులు.

పది రోజులకు నలుగురు మనుషులు పారలూ గడ్డపారలూ తీసుకుని అక్కడికి వచ్చారని తెలిసింది. పార్కుకు పునాది అనుకుని, ఉన్నదాంట్లో మంచి చొక్కా వేసుకుని పోయాను. నడుంలోతు తవ్వేసరికి నా పాతాళగంగ బయటపడింది. తాగునీటి పైపు. జాయింటు దగ్గర సన్నగా ఊట. గంటలో బిగించి, మట్టి కప్పేశారు. “ఎన్నేండ్లుగా కారుతాందో, ఒక్కరన్నా చెప్పిన పాపాన పోలేదు. మంచిపని చేసినావప్పా” అని నా భుజం తట్టాడు మేస్త్రీ. అవ్వ తుమ్మచెట్టు కిందే ఉంది. మాట్లాడలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ అటు పోయాను. తుంగ ఎండి చీపురుపుల్లలైంది. గరిక ఉన్న చోట నేల బీటలిచ్చింది. అవ్వ అదే చెట్టు కింద కూర్చుని, కొడవలి కట్టిన కర్రతో తుమ్మకాయలు రాలుస్తోంది.

“మేకలు నాలుగుండె కదవ్వా, ఇంకో రెండు యాడ?”

“సంతకు పాయె” అంది పైకి చూస్తూనే. కాసేపటికి, “అయితే, నీకు మార్కులెన్ని పడె నాయనా?”

“50కి 48 అవ్వా.”

“అట్లనా. నీకూ రెండే పాయె.”