తొమ్మిది లెక్క బాబాయి

గుంటూరు నుంచి ఒంగోలు దాకా, మిర్చికి మంచి ధర పలికిన ఏడాది ఎవరో ఒక పెద్దాయన అంబాసిడర్ కొన్న ప్రతి ఊళ్ళోనూ, ఆయన పోయాక దాన్ని అమ్మనివ్వని కొడుకు ఒకడుంటాడు. ఊరందరికీ బాబాయి. పెళ్ళికి పట్టుపంచె కట్టుకొచ్చినా గోళ్ళలో గ్రీజు పోదు. బంతిలో కూచుంటే వడ్డించేవాడు అడక్కుండానే చెంచా వేసిపోతాడు. అద్దంకిలో వేపచెట్టు కింద మడతకుర్చీ వేసుకుని కనిపించే బాబాయి వాళ్ళందరిలోకీ ఘనుడు. ఈయన్ని కారున్న మనిషి అనుకుంటే పొరపాటు. కారు విప్పే మనిషి.

కారు పేరెత్తితే చాలు, 1489 సీసీ ఇంజను, ఇంగ్లండు బీఎంసీ వాళ్ళ నమూనా, ఉత్తర్‌పారాలో పుట్టింది అంటాడు. ‘ఉత్తరపాడా? ఏ మండలం బాబాయ్?’ అంటాడు వినేవాడు. బెంగాల్లో హుగ్లీ జిల్లా అని చెప్పేలోగా వాడి టీ అయిపోతుంది. ఒకప్పుడు చుట్టుపక్కల టాక్సీలవాళ్ళు పెట్రోలు ఇంజన్లు పీకేసి డీజిలువి వేయించుకుంటుంటే, బాబాయి వాళ్ళతో మాట మానేశాడు.

ఆయనకు ఇంజనంతా ఒకెత్తు, టైమింగ్ చైను ఒకెత్తు. బోరింగు లేతు షెడ్డువాడు చేస్తాడు, రింగులు మేస్త్రి ఎక్కిస్తాడు. అంతవరకూ కుర్చీలోంచి తల ఆడించడమే. చైను దగ్గరికొచ్చేసరికి లుంగీ ఎగ్గట్టి లేస్తాడు. క్రాంకు మీద చిన్న చక్రం, క్యామ్‌షాఫ్టు మీద దానికి రెట్టింపు పళ్ళున్న పెద్ద చక్రం. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. ‘బజారుకి పోయామంటే మీ పిన్ని రెండడుగులేస్తది, నేనొకటేస్తా. ఇదీ అంతే’ అని తేల్చేస్తాడు. రెండు చక్రాల మీదా ఒక్కో గుర్తు కొట్టి ఉంటుంది. అవి రెండూ ఎదురెదురుగా నిలబడ్డాకే చైను ఎక్కించాలి. ఒక్క పన్ను తప్పితే వాల్వులు వేళకు తెరుచుకోవు. బండి స్టార్టయినా లాగదు.

ఒకసారి మేస్త్రి, ‘గుర్తు అరిగిపోయినట్టుంది బాబాయ్’ అన్నాడు. ‘అద్దంకి గడ్డ మీద నిలబడి ఆ మాటంటావేందిరా? పండరంగడు 848లో రాతి మీద చెక్కించిన పద్యం ఇప్పటికీ చదువుతున్నారు. ఇనప చక్రం మీది గుర్తు అరుగుద్దా?’ కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే మసి కింద గుర్తు బయటపడింది. ఆ రోజంతా బాబాయి శాసన పరిశోధకుడి నడక నడిచాడు.

మొదటి పిస్టను పైకొచ్చిందో లేదో మేస్త్రి ప్లగ్గు బెజ్జం మీద బొటనవేలు పెట్టి చెబుతాడు. గాలి వేలిని తోసిందంటే వచ్చినట్టే. బాబాయి వేలిని నమ్మడు. పాత క్యాలెండరు అట్టను గుండ్రంగా కత్తిరించి, 360 గీతలు గీసి, క్రాంకుకు బిగించాడు. ఇటు డిగ్రీలు, అటు ఏకాదశులు. వీధి కుర్రాళ్ళు బంపరు దగ్గర హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యాహ్నం దాకా గీతలు లెక్కపెట్టి ‘వచ్చిందిరా!’ అని కేక పెట్టాడు. అప్పటికి మేస్త్రి భోంచేసి, ఓ కునుకు తీసి లేచాడు.

ఇక్కడే ఒక తిరకాసుంది. పిస్టను పైకి రావడం రెండుసార్లు జరుగుతుంది, ఒకసారి పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరిని నొక్కడానికి, ఇంకోసారి పొగను బయటికి తోయడానికి. రెండోదాన్ని చూసి మొదటిదనుకుని డిస్ట్రిబ్యూటర్ బిగిస్తే నిప్పురవ్వ సగం చుట్టు తేడాగా పడుతుంది. ఈ భేదం బొటనవేలికి తెలుస్తుంది గాని క్యాలెండరు అట్టకు తెలియదు. స్టార్టు చెయ్యగానే కార్బొరేటర్ ‘ఠప్’ మంది. వేపచెట్టు మీది కాకులు సింగరకొండ దిక్కుగా లేచిపోయాయి. ఎదురింటివాళ్ళు ఎలక్షన్ ఫలితాలొచ్చాయా అంటూ బయటికొచ్చారు. మేస్త్రి పల్లెత్తు మాటనలేదు. బొటనవేలు చూపించాడు.

టాపెట్లు సర్దే రోజు బాబాయికి పండగ. ఎనిమిది వాల్వులు, ఒక్కోదానికీ అంగుళంలో వెయ్యింట 15 వంతుల సందు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది; ఎప్పుడు కలిపినా తొమ్మిదే రావాలి. ఈ లెక్క తలకెక్కి ఇంటి నంబరూ ఫోను నంబరూ కూడా కూడి తొమ్మిదికి తెచ్చే ప్రయత్నం చేస్తాడు. ఒకసారి ఫీలర్ గేజి పట్టుకుని ‘మూడోది తెరుచుకుంది... మూడోది...’ అంటూ ఆగిపోతే, వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న పిన్ని తలెత్తకుండానే ‘ఆరు’ అంది. అప్పట్నుంచి పిన్ని వసారాలో ఉంటే టాపెట్ల జోలికి పోడు.

అసలు కష్టం బండి బాగుపడ్డాక మొదలవుతుంది. సింగరకొండ ఆంజనేయస్వామి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెస్తాడు. ఇక చూడ్డానికెవరూ రారు. బానెట్టు తెరిచినన్నాళ్ళూ కుర్చీ చుట్టూ పదిమంది, పేపరు, టీలు, పత్తి ధర మీద వాదులాట. బానెట్టు మూస్తే అది వీధిలో నిలబెట్టిన పాత కారు, ఈయన దాని పక్కన కూచున్న ముసలాయన. అందుకే నాలుగు రోజులు ఓర్చుకుని మేస్త్రిని పిలుస్తాడు. ‘ఏందో చప్పుడొస్తంది, విన్నావా?’ మేస్త్రి బానెట్టుకు చెవి ఆనించి, పిల్లల స్కూలు ఫీజు గుర్తు తెచ్చుకుని, ‘వస్తంది బాబాయ్’ అంటాడు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుందని పేపర్లో చదివాక బాబాయికి కొత్త లెక్క పుట్టింది. ‘ఉత్త పేరుకే అంతయితే, ఇంజను కూడా ఉన్న నా బండికెంతుండాలి?’

ఆ మధ్య పెళ్ళిళ్ళకు పాత కార్లు అద్దెకు తిప్పే కుర్రాడొకడు గుంటూరు నుంచి బేరానికొచ్చాడు. బాబాయి కూచోబెట్టి, కాఫీ ఇప్పించి, ‘అయిదో వాల్వు తెరుచుకుంటే ఏది సర్దాలి అబ్బాయ్?’ అని అడిగాడు.

‘అవన్నీ మేం చూడమండీ, మెకానిక్కు చూసుకుంటాడు.’

‘అయితే మీ మెకానిక్కునే బేరానికి పంపు’ అని బాబాయి కుర్చీ మడిచాడు.

కుర్రాడు వాకిలి దాటుతుంటే పిన్ని గబగబా వెనకాలే వెళ్ళింది. ‘నాలుగోది నాయనా. గుర్తుపెట్టుకుని వచ్చే వారం మళ్ళీ రా’ అంది.