చుక్కలు లెక్కపెట్టే ఫిట్టరు

నీటిపై తేలే యంత్రానికైనా, నేల లోపల తిరిగే యంత్రానికైనా అన్నిటికన్నా కిందుగా, ఎవరి చూపూ ఆనని ఒక పల్లం ఉంటుంది. పైనుంచి కారిన నూనె, పక్కనుంచి ఊరిన నీరు, ఎవరి చేతిలోనుంచో జారిన బోల్టు, ఎవరూ ఒప్పుకోని తప్పు, అన్నీ చివరకు అక్కడికే చేరతాయి. ఇంజను పడవలో అడుగు చెక్కల కింద ఉండే ఈ పల్లాన్ని నావికులు బిల్జి అంటారు. బొగ్గు గనిలో దీని పేరు సంపు. గనిలో ఊరే నీరంతా వాలు వెంట పారి చేరేలా దిగువ మట్టంలో తవ్వి ఉంచే గుంట అది, దాని పక్కనే నీటిని పైకి తోడే పంపుగది ఉంటుంది. బిల్జిలో నీరు పెరిగితే పడవ మునుగుతుంది, సంపులో నీరు పెరిగితే గని మునుగుతుంది. కాకపోతే పడవలో ఉన్నవాడు బయటికి దూకగలడు, గనిలో ఉన్నవాడికి దూకడానికి బయట అనేదే ఉండదు. ఈ పల్లాలను తోడి, గీకి, కడిగి, రంగు వేయించడమే బతుక్కి పరమార్థమని నమ్మిన మనిషి రామగుండం, గోదావరిఖని బొగ్గుబెల్టులో ఒక ప్రత్యేక జాతిగా వర్ధిల్లాడు. పెద్దపల్లి నుంచి పలుమార్లు పార్లమెంటుకు ఎన్నికైన జి. వెంకటస్వామి పేరు మీద స్థిరపడిపోయిన 'కాకా' అనే పిలుపును ఈ ప్రాంతంలో ఇంకొకరికి ఇవ్వడం కొంత సాహసమే అయినా, ఆ జాతివాణ్ణి సంపు కాకా అనడమే న్యాయం.

సంపు కాకా ఉద్యోగరీత్యా ఫిట్టరు, అంటే యంత్రభాగాలను విప్పి, సరిచేసి, బిగించేవాడు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు పొంది, నేడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాతో నడుస్తున్న సంస్థలో అతనిది చాలా చిన్న ఉద్యోగం. అతని లెక్కలో మాత్రం ఆ వాటాలన్నీ తన పంపు నడిచినంత కాలమే. గనులకు ఊరిపేర్లకన్నా అంకెలు ఎక్కువగా అంటుకున్న నేల కాబట్టి, ఎనిమిదో నంబరు ఇంక్లయిను దగ్గర వెలసిన నివాసాలు యైటింక్లయిన్ కాలనీ అయి, ఆ పేరు తెలుగు సంధి సూత్రాలకే ఒక కొత్త ఉదాహరణగా మిగిలింది. ఇంక్లయిను అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే గని దారి. సంపు కాకా కాలాన్ని కూడా ఆ అంకెలతోనే కొలుస్తాడు. పెద్దకొడుకు ఏ సంవత్సరంలో పుట్టాడని అడిగితే, ఏ ఇంక్లయినులో ఏ పంపు బేరింగు పోయిన ఏడాదో చెబుతాడు, సంవత్సరాన్ని అడిగినవాడే వెతుక్కోవాలి.

ఆకారంలో అతనికి పెద్ద ప్రత్యేకత లేదు. నడుముకు బ్యాటరీ, నెత్తిమీద టోపీ లైటు అందరికీ ఉండేవే. అతన్ని వేరుచేసేది ప్యాంటు వెనుక జేబులోంచి తోకలా వేలాడే దారపు చిక్కు. మిల్లుల్లో మిగిలిన నూలుపోగుల ఈ ముద్దను కాటన్ వేస్టు అంటారు. యంత్రాలు తుడవడానికి దీన్ని మించినది లేదు కనుక ఇందులో వేస్టు అన్న మాట పేరుకే. సంపు కాకా దానితో మోటారు తుడుస్తాడు, చెమట తుడుచుకుంటాడు, పెళ్లి విందులో అరటాకు వేయగానే పొరపాటున దాన్నే బయటికి తీస్తాడు. తుడిచిన ప్రతిసారీ దాన్ని వాసన చూడడం అతని రెండో అలవాటు. నూనె కమురు కంపు కొడితే బేరింగు వేడెక్కుతోందని, బురదవాసన వేస్తే పంపు అడుగునుంచి మడ్డిని పీలుస్తోందని ఆ పోగులే అతనికి చెబుతాయట.

అయితే అతని ఘనతకు అసలు రంగస్థలం గ్లాండు. పంపులోపల తిరిగే ఇరుసు పెట్టెను చీల్చుకుని బయటికి వచ్చేచోట నీరు చిమ్మకుండా గ్రాఫైటు పూసిన తాడును చుట్లుచుట్లుగా కూరి, పైనుంచి రెండు బోల్టులతో బిగించే భాగాన్ని గ్లాండు అంటారు. కొత్తగా చేరినవాళ్లు పొరబడేది ఇక్కడే: గ్లాండు బొత్తిగా కారకుండా ఉండకూడదు. ఒక్కొక్క చుక్కగా కారే నీరే తాడును తడిపి, ఇరుసును చల్లబరుస్తుంది. నేల పొడిగా కనిపించాలన్న ఉబలాటంతో బోల్టులను గట్టిగా బిగిస్తే తాడు మాడి, ఇరుసు తొడుగు మీద గీతలు పడి, వారం తిరగకుండానే చుక్కలకు బదులు ధార మొదలవుతుంది. అందుచేత సంపు కాకా పంపుగదిలోకి రాగానే దేవుడి పటం వంక కూడా చూడకుండా గ్లాండు ముందు గొంతుక్కూర్చుని, చేతిగడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలో పైకి లెక్కపెడతాడు. ఆ నిమిషంలో అండర్ మేనేజరు వచ్చి పలకరించినా ముప్పైనాలుగు, ముప్పైఅయిదు అన్నవే జవాబులు. మాటామర్యాద అరవయ్యో సెకను తరువాతే. గ్లాండు ఎండిపోయి కనిపించిన రోజు మాత్రం అతని గొంతు పంపు మోతను దాటి వినిపిస్తుంది. "ఎవడు బిగిచ్చిండు దీన్ని? కారుతుంటెనే అది బతికున్నట్టు బిడ్డా, కారకుంటె కాలుతున్నట్టు!"

సంపు శుభ్రం చేయించడం అతనికి ఏడాదికోసారి వచ్చే జాతర. ఒక సంపు నీటిని ఇంకో సంపులోకి మళ్లించి గుంటను ఖాళీ చేశాక, అడుగున మోకాలిలోతు బొగ్గుమడ్డి తేలుతుంది. పీల్పుగొట్టం కొసన చెత్త లోపలికి పోకుండా ఆపే జల్లెడ, వెనక్కి నీరు జారకుండా ఆపే ఫుట్ వాల్వు ఆ మడ్డిలోనే కూరుకుని ఉంటాయి. మజ్దూర్లు పారలతో మడ్డిని తట్టలకెత్తుతుంటే సంపు కాకా ప్రతి తట్ట ముందూ నిలబడి, పురావస్తు తవ్వకాలకు వచ్చిన పండితుడిలా వేళ్లతో కెలుకుతాడు. టిఫిను మూత, చెప్పు, వంగిన ఎలక్ట్రోడు, మూడేళ్లనాడు రెండో షిఫ్టువాళ్లు ఎత్తుకుపోయారని తాను ఊరంతా చాటిన పందొమ్మిదో నంబరు స్పానరు ఒక్కొక్కటే బయటపడతాయి. స్పానరును కాటన్ వేస్టుతో మెల్లగా తుడిచి, వాసన చూసి, జేబులో వేసుకుంటాడు. రెండో షిఫ్టు మీద వేసిన నింద మాత్రం ఎక్కడ వేశాడో అక్కడే ఉంటుంది.

రంగుల విషయానికి వస్తే అతను శాస్త్రం తెలిసిన ఛాందసుడు. గనిలో మీథేను వాయువు ఊరుతుంది కాబట్టి మండే ద్రావకాలతో లోపల చెలగాటం ఆడకూడదు. అందువల్ల పంపుగది గోడలకు సున్నమే కొట్టించి, పంపుకు మాత్రం అది మరమ్మతుకు పైకి, వర్క్‌షాపుకు వెళ్లినప్పుడే రంగు వేయించాలంటాడు. ఇంజను, మోటారు ఉన్న ప్రతి గదికీ పైకప్పు, గోడలు తెల్లగా సున్నం వేసి ఉంచాలని బొగ్గు గనుల నిబంధనలే చెబుతున్నాయని గుర్తుచేస్తాడు. తక్కువ వెలుతురులో తెల్లగోడ సగం దీపంతో సమానం. రంగు వేసే క్రమంలో ముందు జిడ్డు వదలాలి, తరువాత తుప్పు గీకాలి, ఆ తరువాతే రెడ్ ఆక్సైడు, అంటే తుప్పును నిలవరించే ఎర్రటి తొలిపూత. అది పూర్తిగా ఆరాకే పైరంగు. జిడ్డు ఉండగా తీగబ్రష్షు పెడితే నూనె లోహపు గరుకులోకి మరింత ఇంకి, పైపూత పొరలుపొరలుగా ఊడుతుంది. ఇంత పద్ధతి తరువాత అతను ఎంచుకునే పైరంగు చూసినవాళ్లు నవ్వుతారు: అట్టడుగున బురదలో ఉండే యంత్రానికి లేతబూడిద రంగో, ఏకంగా తెలుపో కావాలంటాడు. ఓడల ఇంజను గదుల్లోనూ, బిల్జిల్లోనూ ఈ లేతరంగులకే ఆదరణ ఎక్కువన్నది అతనికి తెలియదు గానీ, కారణం మాత్రం అక్కడివాళ్లు చెప్పేదే అతనూ చెబుతాడు: తెల్లటి నేలమీద ఒక్క నూనెచుక్క పడినా పట్టుబడుతుంది, నల్లటి నేలమీద డబ్బా కారినా పట్టుబడదు.

ఇక్కడే అతనికి ఆజన్మశత్రువు ఎదురవుతాడు. ప్రతి ఏటా రక్షణ పక్షోత్సవాల పేరిట పదిహేను రోజులపాటు గనుల్లో భద్రతను పరీక్షించే బృందాలు తిరుగుతాయి. వాటి రాక తేదీ తెలియగానే ఏ గనిలోనైనా తనిఖీ రంగు మనిషి అనే మరో జాతి మొలుస్తుంది. ఇతనికి గీకుడు తెలియదు, కడుగుడు తెలియదు. ముదురు ఆకుపచ్చ డబ్బా, నాలుగంగుళాల బ్రష్షు, ఒక్క రాత్రి సమయం చాలు. జిడ్డు మీద, తుప్పు మీద, అంటుకున్న బొగ్గుమడ్డి మీద, ఒక సందర్భంలో నిద్రపోతున్న బొద్దింక మీద కూడా నిష్పక్షపాతంగా రంగు పూస్తాడు. ఆ వేగంలో ఒత్తిడి చూపే గేజీ అద్దం, గ్రీజు ఎక్కించే చిన్న రంధ్రం, యంత్రం జాతకం చెక్కి ఉన్న ఇత్తడి పలక అన్నీ ఆకుపచ్చ వనంలో కలిసిపోతాయి. మర్నాడు సంపు కాకా బ్లేడుముక్కతో గేజీ అద్దాన్ని గీకుతూ కూర్చుంటే, వచ్చిన అధికారి గది మెరుపు చూసి రంగు మనిషినే భుజం తట్టి వెళ్తాడు. ఈ న్యాయం ఒక్క గనులకే పరిమితమని ఎవరూ అనుకోనవసరం లేదు.

సంపు కాకా మిగతావన్నీ క్షమిస్తాడు, ఫ్లేంప్రూఫు పెట్టెల అతుకుల మీద రంగు వేస్తే మాత్రం క్షమించడు. గ్యాసు ఉండే గనుల్లో స్విచ్చులను దళసరి ఇనుపపెట్టెల్లో ఉంచుతారు. పెట్టెలోపల నిప్పురవ్వకు గ్యాసు అంటుకున్నా ఆ మంట మూత అంచుల మధ్య ఉన్న అతిసన్నని సందులోంచి బయటికి వచ్చేలోగా చల్లారిపోతుంది. ఆ సందును ఫీలర్ గేజి అనే పలుచని ఉక్కు రేకులతో కొలిచి చూడాలి. అంచుల మీద రంగు గడ్డకడితే మూత సరిగా కూర్చోదు, కొలతా నమ్మదగినది కాదు. ఈ సంగతి వచ్చినప్పుడు అతని మాటల్లో హాస్యం ఉండదు. నీటి విషయంలోనూ అంతే: 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయిన నాటినుంచి, అతని తరంవాళ్లెవరూ సంపు నీటిమట్టం గీత ముందు జోకులు వేయలేదు.

సింగరేణిలో పదవీ విరమణ వయసును 2021లో 60 నుంచి 61 ఏళ్లకు పెంచినప్పుడు సంతోషించినవాళ్లలో అతని భార్య ముందువరుసలో నిలిచింది, ఇంకో ఏడాది ఇల్లు క్షేమమని. ఆమె భయం నిజమే అయింది. విరమణ మర్నాడే వంటింటి సింకు కింది గొట్టాలు తెల్లరంగు పూసుకున్నాయి, గేటు రెడ్ ఆక్సైడుతో ఎర్రబారింది, కోడలి గ్రైండరు నాలుగు ముక్కలై దినపత్రిక మీద ఆరింది. ఇంటి కుళాయి చుక్కలు కారుతుంటే మాత్రం బాగుచేయడు, ముందు లెక్కపెడతాడు. "రబ్బరు వాచరు మారిస్తె అయిపోద్ది గద మామా" అని కోడలు అంటే, "కుళాయికి గ్లాండు ఎండితె ఎట్లుంటదో నీకు తెల్వదమ్మా" అని ఊరుకుంటాడు. భార్య మాత్రం ఇరుగుపొరుగుతో, "ఒక్కతాన కదలకుండ కూసుంటె మనుషులకు గూడ ప్రైమరు కొడ్తడు" అని చెప్పి తాను నడుస్తూనే ఉంటుంది.

కుటుంబమంతా కలిసి భద్రాచలం దర్శనం చేసుకుని, పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలకు బయలుదేరినప్పుడు ఈ జాతి స్వభావం పరాకాష్ఠకు చేరుతుంది. అందరూ పైఅంతస్తులో కుర్చీలు పట్టుకుంటే, సంపు కాకా చెవి ఒగ్గి ఇంజను మోత విని, కిందికి దిగే మెట్లు వెతుకుతాడు. అడుగుచెక్క ఎత్తి చూసేసరికి కింద ముదురు చాక్లెట్ రంగు పూసిన పల్లం, అందులో జానెడు నీరు, నీటి మీద ఇంద్రధనుస్సులా డీజిలు పొర. వేలు ముంచి, వాసన చూసి, అతను అడిగే మొదటి ప్రశ్న ఇరుసు పడవ అడుగును చీల్చుకుని నదిలోకి వెళ్లేచోట గ్లాండు ఉందా అని. ఉందని డ్రైవరు చెప్పగానే అతని ముఖంలో కనిపించే వెలుగు అంతకుముందు శ్రీరాముడి సన్నిధిలో కూడా కనిపించి ఉండదు. ముదురు రంగు ఎందుకు వేశారని రెండో ప్రశ్న. "మురికి కనపడకుండా ఉంటదండి" అంటాడు డ్రైవరు, గోదావరి జిల్లా వినయంతో. ఆ ఒక్క మాటతో, పక్షోత్సవాల ఆకుపచ్చ డబ్బా ఇంతదూరం వచ్చి చేరిందని సంపు కాకాకు అర్థమవుతుంది.

పేరంటపల్లి వచ్చి, జనం దిగి శివాలయానికి వెళ్లి, మళ్లీ ఎక్కి, కొండల మధ్య పొద్దు వాలేదాకా అతను పైకి రాడు. ఆనాటి ఫొటోల్లో నది ఉంటుంది, కొండలుంటాయి, చేతులు చాపి నిలబడ్డ మనవలుంటారు. తాత మాత్రం ఒకే ఒక్క ఫొటోలో, అదీ అడుగుచెక్క సందులోంచి పైకి లేచిన వీపుగా, వెనుక జేబులోంచి వేలాడే తెల్లటి తోకతో కనిపిస్తాడు. ఫొటో తీసిన మనవడికి ఆ సమయంలో కిందనుంచి వినిపించినది ఇరవైరెండు, ఇరవైమూడు, ఇరవైనాలుగు.