కాగితపు సూక్ష్మదర్శిని ఆత్మకథ

నేను మడతల్లోంచి పుట్టాను. నీటికి నానని, లాగినా చినగని దళసరి కాగితం మీద నా అవయవాలన్నీ అచ్చువేసి ఉండేవి. ఎనిమిదో తరగతి పిల్లలు వాటిని విడదీసి, గీతల వెంట మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, నడుమ చిట్టి గాజుపూసను అమర్చారు. ఆ పూసే నా కన్ను. దేన్నయినా 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తాను. పేరు ఫోల్డ్‌స్కోప్.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ తన సహచరులతో కలిసి నన్ను రూపొందించాడు. ఆయన మీరట్‌లో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివినవాడు. నా నిర్మాణాన్ని వివరించే పరిశోధన పత్రం 2014లో వెలువడింది. ఒక్క డాలరు లోపు సామగ్రితోనే నేను తయారుకావాలన్నది వాళ్ల పట్టుదల.

ఆ పట్టుదల విలువేమిటో ఈ బడికి వచ్చాకే తెలిసింది. ఇక్కడ నాకంటే ముందే ఒక పెద్ద మైక్రోస్కోప్ ఉంది, బీరువాలో. దాన్ని బయటికి తీసిన రోజున మేడం స్లైడు సరిచేసి పెడితే, పిల్లలు వరుసలో వచ్చి తలా ఒక్క క్షణం కన్ను ఆనించి పోవాలి. వెనకున్నవాడు తోస్తుంటాడు. కనబడింది కణమో, తన కంటిరెప్పల నీడో తేల్చుకునే తీరికే ఉండదు. నాలాంటివాటిని మాత్రం ఇద్దరికొకటి చొప్పున పంచారు. వెలుతురు వైపు తిప్పి పట్టుకుని, బొటనవేళ్లతో అటూ ఇటూ జరుపుకుంటూ, ఎంతసేపైనా చూడొచ్చు. ఉల్లిపొర అయ్యింది, ఆకు అడుగుభాగంలోని పత్రరంధ్రాలు అయ్యాయి. ఆ తర్వాత చెరువు నాచు తెచ్చారు. పచ్చని రిబ్బను చుట్టలు తిరుగుతూ పోగు నిండా పరుచుకున్న స్పైరోగైరాను చూసి తరగతంతా లేచి నిలబడింది!

అయస్కాంతంతో నన్ను మేడం ఫోనుకు అతికిస్తే బొమ్మ ఫోన్లోకి వస్తుంది. ఫోను ఒక్కటే కాబట్టి పిల్లలు ముందు నోటుబుక్కులో రాసుకుంటారు, తర్వాత వంతులవారీగా తరగతి బ్లాగులోకి ఎక్కిస్తారు. తేదీ, నీళ్లు ఎక్కడివి, ఏ రంగు వేశారు అన్నవి తప్పనిసరి. ‘పారమీషియం కనబడింది’ అని రాస్తే మేడం ఒప్పుకోరు. చెప్పు అడుగులా ఉంది, మెలిక తిరుగుతూ ముందుకు పోతోంది అని చూసింది చూసినట్టు రాయాలి. పేరు ఆఖర్న.

ఒకసారి ఓ అమ్మాయి ‘గుండ్రని కణం, నల్లని మందపాటి గోడ, లోపల ఏమీ లేదు’ అని రాసింది. వేరే ఊరి బడి నుంచి ఒక అబ్బాయి జవాబిచ్చాడు: “అక్కా, అంచు అంత నల్లగా ఉంటే గాలిబుడగేమో. కవర్‌స్లిప్‌ని మెల్లగా నొక్కి చూడు.” నొక్కింది. గోడ సాగింది, పక్కదానితో కలిసి ఒకటైపోయింది. పాత రాతను చెరపకుండా, దాని కిందే కొత్త పరిశీలన రాసింది. ఇంతకంటే మంచి సైన్సు పాఠం నేను చూడలేదు.

ఒంటి కటకంతో చూసి ఉత్తరాల్లో రాయడం పాత పద్ధతే. డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ 1674లో చెరువు నీటిలో చుట్టలు తిరిగిన పచ్చని చారలు చూశానని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. అవి స్పైరోగైరావే అయి ఉంటాయంటారు. మిరియాలు నానిన నీటిలో కంటికి ఆనని ప్రాణులున్నాయని 1676లో రాస్తే అక్కడివాళ్లకు నమ్మకం కుదరలేదు. మరుసటి ఏడాది రాబర్ట్ హుక్ తానూ మిరియాల నీళ్లు సిద్ధం చేసి సభ్యులకు చూపించాడు, అప్పుడు నమ్మారు. రాసింది మరొకరు మళ్లీ చేసి చూడగలగాలి. బ్లాగులో తేదీ, చోటు, రంగు రాయించడం ఎందుకో ఇప్పుడు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

నా కన్నుకూ హద్దుంది. మజ్జిగలోని బ్యాక్టీరియా నాలో సరిగా ఆనదు. అలాంటప్పుడు బీరువాలోని పెద్దదాన్నే తీయాలి, తీస్తున్నారు కూడా.

ఇప్పుడు గాలిబుడగ సంగతి చెప్పిన ఆ అబ్బాయి బడీ, మా బడీ ఒకే వారంలో తమ తమ చెరువుల నాచును పోల్చబోతున్నాయి. అక్కడి చెరువులో చేపలకు మేత వేస్తారు, ఇక్కడ వెయ్యరు. స్లైడు మీది నీటిచుక్కలో ఉన్న నాచంతా లెక్కపెట్టాలా, ఒక్క చూపులో పట్టినంతే లెక్కపెట్టాలా అని వాదన నడుస్తోంది. నన్నడిగితే ఒక్క చూపు మేరే నయం. చుక్క సైజు చేతిని బట్టి మారుతుంది, నా లెన్సూ అక్కడివాళ్ల ఫోల్డ్‌స్కోప్ లెన్సూ మాత్రం ఒకే కొలత.